కేసులు సగమయ్యాయి సరే, ఎంతమందికి పరీక్ష చేశారు?

మీరు అడిగింది ఇదీ: నార్సింగి, కోకాపేట వైపు లేబర్ క్యాంపుల్లో, మూసీ పక్కన కొన్ని బస్తీల్లో మీ సంస్థ మలేరియా నివారణ పని చేస్తోంది. దోమతెరలు పంచారు, మీటింగులు పెట్టారు, పోయినేడాదితో పోలిస్తే కేసులు సగానికి వచ్చాయి. అయినా డబ్బిచ్చేవాళ్లు "ఇది మీ పని వల్లే తగ్గిందని ఎలా చెప్తారు?" అంటున్నారు, పని మొదలుపెట్టేముందు పరిస్థితి ఎలా ఉందో లెక్క తీసి పెట్టుకోలేదు, రిపోర్టులో ఏ లెక్కలు పెట్టాలో తెలియడం లేదు. నేను చాలాకాలం ఇదే పనిలో ఉన్నాను, హైదరాబాద్‌లోనూ ఏజెన్సీ ఊళ్లలోనూ, కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను. వాళ్లు అడిగిన ప్రశ్న న్యాయమైనదే, దానికి కోపం తెచ్చుకోవద్దు.

కేసులు సగమయ్యాయి అనగానే నేను అడిగే మొదటి ప్రశ్న, ఎంతమందికి రక్తపరీక్ష చేశారు అని. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. 2,000 మంది ఉన్న క్యాంపు అనుకోండి. మొదటి ఏడు 400 మందికి పరీక్ష చేస్తే 8 మందికి మలేరియా తేలింది. రెండో ఏడు 200 మందికే చేశారు, 4 తేలాయి. కాగితం మీద కేసులు సగం. కానీ పరీక్ష చేసిన ప్రతి వందమందిలో ఇద్దరికి ఉండటం అనేది రెండేళ్లలోనూ మారలేదు. అంటే జబ్బు తగ్గిందని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు, వెతకడం తగ్గిందని మాత్రం ఖాయంగా చెప్పొచ్చు. ప్రభుత్వ లెక్కల్లో మీరు చూసే ఏపీఐ అంటే ఏడాదికి వెయ్యి జనాభాకు ఎన్ని కేసులు అన్నది, ఏబీఈఆర్ అంటే వంద మందికి ఎన్ని పరీక్షలు చేశామన్నది, పాజిటివిటీ అంటే వంద పరీక్షలకు ఎన్ని పాజిటివ్ అన్నది. ఈ మూడూ విడివిడి వస్తువులు కావు. ఏబీఈఆర్‌ను పాజిటివిటీతో గుణించి పదితో భాగిస్తే ఏపీఐ వస్తుంది, పై ఉదాహరణలో మొదటి ఏడు 20 ఇంటూ 2 బై 10, అంటే 4. కాబట్టి ఏపీఐ ఒక్కటే రిపోర్టులో పెట్టి పక్కన మిగతా రెండూ పెట్టకపోతే చదివేవాడికి ఏమీ చెప్పనట్టే. జాతీయ కార్యక్రమంలో ఏబీఈఆర్ కనీసం 10 శాతం ఉండాలన్న పద్ధతి ఎప్పటినుంచో ఉన్నది ఇందుకే.

పాజిటివిటీలోనూ ఒక మెలిక ఉంది. జ్వరం ఉన్నవాళ్లకే పరీక్ష చేస్తే వచ్చే శాతం వేరు, క్యాంపు మొత్తాన్ని నిలబెట్టి అందరి వేలూ గుచ్చితే వచ్చే శాతం వేరు. రెండింటినీ ఒకే గడిలో కలిపేస్తే, ఒక పెద్ద స్క్రీనింగ్ క్యాంపు పెట్టిన నెలలో పాజిటివిటీ ఠక్కున పడిపోయి అందరూ సంబరపడతారు. అందుకే జ్వరంతో తమంతట తాము వచ్చినవాళ్లు, మన వాళ్లు ఇంటికెళ్లి వెతికితే దొరికినవాళ్లు, జ్వరం లేకపోయినా స్క్రీనింగ్‌లో తేలినవాళ్లు, ఈ మూడు వరసలూ రిజిస్టర్లో మొదటి రోజునుంచే వేరుగా రాయించండి. తర్వాత విడదీయడం ఎవరివల్లా కాదు.

ఇంకో సంగతి, మంచి కార్యక్రమం మొదలైన ఏడాది కేసులు పెరగొచ్చు. ఇదివరకు మెడికల్ షాపులో పారాసిటమాల్ కొనుక్కుని పడుకున్న మనిషి ఇప్పుడు మీ దగ్గరకొచ్చి పరీక్ష చేయించుకుంటున్నాడు, అంతే. ఈ మాట డబ్బిచ్చేవాళ్లకు ప్రాజెక్టు మొదట్లోనే రాతపూర్వకంగా చెప్పాలి. చివర్లో చెప్తే సాకులా వినిపిస్తుంది.

ఇక లేబర్ క్యాంపుల విషయం. ఇక్కడ జనాభా నిలకడగా ఉండదు, పుస్తకాల్లో ఉన్న లెక్కలు నేరుగా పనిచేయవు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్, బిహార్ నుంచి వచ్చినవాళ్లు మూడు నెలలుంటారు, ఛత్ పండక్కో హోలీకో ఊరెళ్తారు, తిరిగొచ్చేటప్పుడు వేరే మేస్త్రీ కింద వేరే సైటుకు పోతారు. జనవరిలో లెక్కపెట్టిన 2,000 మందిని డిసెంబర్ దాకా హారంలో పెట్టుకుని ఏపీఐ తీస్తే ఆ అంకెకు అర్థం ఉండదు. ప్రతి నెలా ఒక రాత్రి ఆ క్యాంపులో ఎంతమంది పడుకున్నారో లెక్క తీసుకోండి, కాంట్రాక్టర్ హాజరు పుస్తకం సాయంగా ఉంటుంది కానీ దాన్నే నమ్ముకోవద్దు, ఆడవాళ్లూ పిల్లలూ అందులో ఉండరు. నెల నెలా లెక్కలు కలిపి సగటు తీసిన జనాభానే హారం.

ప్రతి పాజిటివ్ మనిషినీ కూర్చోబెట్టి, గత నెలన్నరలో ఏ రాత్రి ఎక్కడ పడుకున్నావు అని అడిగి రాయించడం నా దృష్టిలో మీ పని మొత్తంలోకీ విలువైన సమాచారం. బస్తర్ వైపు సొంతూరికెళ్లి పది రోజుల కింద వచ్చినవాడికి ఫాల్సిపారం రకం మలేరియా తేలితే అది చాలావరకు అక్కడినుంచి వచ్చిన కేసు, కోకాపేటలో మీ పని చెడిందని అర్థం కాదు. ఆరు నెలలుగా హైదరాబాద్ దాటని వాచ్‌మన్ కూతురికి తేలిందనుకోండి, అప్పుడు నిద్రపోకూడదు. ఆ చుట్టుపక్కల ఎక్కడో దోమ పుడుతోంది, ఎవరి ఒంట్లోనో పరాన్నజీవి ఉంది, రెండూ కలిశాయి. వైవాక్స్ రకం మలేరియా అయితే ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. అది కాలేయంలో దాక్కుని నెలల తర్వాత తిరగబెడుతుంది కాబట్టి ఇదివరకు చలిజ్వరం వచ్చిందా, అప్పుడు ఏ మందులు ఎన్ని రోజులు వేసుకున్నావు అని కూడా అడగాలి. బయటినుంచి వచ్చినవి, ఇక్కడే అంటినవి, తిరగబెట్టినవి అని విడగొట్టి చూపిస్తే మీ రిపోర్టు విలువ అక్కడే పెరిగిపోతుంది. చైనా వాళ్లు ఒక రోజులో కేసు నమోదు, మూడు రోజుల్లో ఇలాంటి విచారణ, ఏడు రోజుల్లో ఆ చోట చర్య అని గడువులు పెట్టుకుని పనిచేశారు, 2021లో మలేరియా లేని దేశంగా గుర్తింపు తెచ్చుకున్నారు. మీరు కూడా ఈ మూడు గడువుల్లో ఎన్ని కేసులకు ఎన్ని అందుకున్నారో నెలకోసారి చూసుకోవచ్చు, దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అవసరం లేదు.

దోమతెరల దగ్గరికి వద్దాం. "ఇన్ని పంచాం" అనేది ఖర్చు లెక్క, అంతకుమించి కాదు. తెర ఉన్న ఇల్లు అనే లెక్క కూడా మోసం చేస్తుంది. ఒక రేకుల గదిలో ఆరుగురుండి ఒక్క తెర ఉంటే సర్వేలో "తెర ఉంది" అని టిక్ పడుతుంది. ఒక తెర కింద ఇద్దరు పడుకోగలరు కాబట్టి నిజానికి ఆరుగురిలో ఇద్దరికే అందుబాటులో ఉన్నట్టు. ఆపైన నిన్న రాత్రి ఎవరెవరు తెర కింద పడుకున్నారు అని పేరు పేరునా అడగాలి. "మీరు దోమతెర వాడతారా?" అని అడిగితే అందరూ వాడతామనే అంటారు, తెర ఇచ్చినవాళ్ల ముందు ఎవరు కాదంటారు చెప్పండి. నిన్న రాత్రి అనే మాటలో అబద్ధానికి చోటు తక్కువ. లోపలికెళ్లి తెర కట్టి ఉందా, కట్టడానికి మేకులూ తాడూ ఉన్నాయా, ఇంకా ప్యాకెట్‌లోనే ఉందా అని కంటితో చూడాలి. అందుబాటు ఎంత, వాడకం ఎంత అనే రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏం చేయాలో దానికదే తేలిపోతుంది. అందుబాటే తక్కువైతే ఇంకా తెరలు కొనాలి. అందుబాటు ఉండి వాడకం లేకపోతే కొనడం దండగ, ఎందుకు వాడట్లేదో కూర్చుని మాట్లాడాలి. రేకుల గదిలో ఏప్రిల్, మే నెలల్లో తెర కింద ఉక్కపోతకు ప్రాణం పోతుంది, జనం ఆరుబయట శ్లాబు మీద పడుకుంటారు, అక్కడ తెర కట్టే వీలు చూపించారా? రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునేవాళ్ల సంగతేంటి? ఇవి అడగకుండా అవగాహన లేదని జనం మీద నెట్టేయడం నాకు అస్సలు నచ్చదు.

మందు అద్దిన తెర దాదాపు మూడేళ్లు లేదా ఇరవై ఉతుకుల దాకా పనిచేస్తుంది, నీడలో ఆరేయాలి. సర్వేలో ఎన్నిసార్లు ఉతికారు, చిరిగిందా, ఎండలో ఆరేశారా అనే మూడు ప్రశ్నలు చేర్చండి, కొత్త తెరలు ఎప్పుడు అడగాలో ముందే తెలుస్తుంది.

మూసీ పక్క బస్తీల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. అక్కడ సాయంత్రం కాగానే కమ్ముకునే దోమల్లో చాలావరకు క్యూలెక్స్, మురుగునీటిలో పెరిగేవి. అవి మలేరియా తేవు. నగరంలో మలేరియా తెచ్చే అనాఫిలిస్ స్టీఫెన్సీ మంచినీళ్లలో పుడుతుంది, సంపులో, మూత లేని ఓవర్‌హెడ్ ట్యాంకులో, కట్టుబడి సైట్లలో క్యూరింగ్ కోసం నిలబెట్టిన నీళ్లలో, లిఫ్టు గుంతల్లో, సెల్లారు తవ్వి వదిలేసిన గుంతల్లో. కాబట్టి మీ సర్వేలో "దోమలు తగ్గాయా?" అనే ప్రశ్నకు ఎనభై శాతం మంది తగ్గాయన్నా దానికీ మలేరియాకూ సంబంధం ఉండకపోవచ్చు. ఫాగింగ్ కూడా అంతే, పొగ కొడితే జనానికి తృప్తిగా ఉంటుంది, కార్పొరేటర్‌కు ఫోన్లు తగ్గుతాయి, కానీ సంపులో ఉన్న లార్వాకు దానివల్ల ఏమీ కాదు. నాలుగు రోజుల్లో కొత్త దోమలు బయటికొస్తాయి. ఎన్నిసార్లు ఫాగింగ్ చేయించామన్నది మీ ఫలితాల పేజీలోంచి తీసేయండి.

దాని బదులు నీళ్లు చూడండి. వారానికోసారి ఎంచుకున్న ఇళ్లలో, సైట్లలో సంపులూ డ్రమ్ములూ గుంతలూ తెరిచి, గరిటెతో నీళ్లు తోడి, లార్వా ఉందా లేదా రాసుకోవాలి. అనాఫిలిస్ లార్వా నీటిపై పొరకు సమాంతరంగా, పడుకున్నట్టు ఉంటుంది. క్యూలెక్స్, డెంగీ తెచ్చే ఏడిస్ లార్వాలు తల కిందికి వేలాడుతూ ఉంటాయి. ఈ తేడా ఒక మధ్యాహ్నం చూపిస్తే పదో తరగతి చదివిన వాలంటీర్లు చక్కగా గుర్తుపడతారు, నేను చూశాను. వంద నీటి నిల్వలు చూస్తే ఎన్నింట్లో అనాఫిలిస్ లార్వా ఉంది అనే ఒక్క అంకె, ప్రతి నెలా అదే పద్ధతిలో తీస్తే, మీ మీటింగుల ఫోటోలన్నిటికంటే ఎక్కువ చెప్తుంది. గుడ్డునుంచి దోమ కావడానికి ఎండాకాలంలో వారం, పది రోజులు చాలు కాబట్టే వారానికోసారి డ్రై డే, అంటే నీటి నిల్వలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే రోజు, పెట్టాలంటారు. నెలకోసారి చేసే డ్రై డే వల్ల ఉపయోగం లేదు. లార్వాను చంపే టెమీఫాస్ మందు వేశారా, లార్వాను తినే గంబూసియా చేపలు వదిలారా అనేవి కూడా రాసుకోండి, కానీ ఆ తర్వాతి వారం వెళ్లి లార్వా ఉందో లేదో చూశాకే ఆ పని పూర్తయినట్టు లెక్క.

ఆగస్టు 20న ప్రపంచ దోమల దినం, 1897లో అదే రోజున సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు, బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. మన ఊరికి దక్కిన గౌరవం అది, ర్యాలీలు చేయడం మంచిదే. కానీ ర్యాలీకి ఎంతమంది వచ్చారన్నది ఫలితం కాదు, ఆ తర్వాతి నెలలో ఎన్ని ట్యాంకులకు మూతలు పడ్డాయన్నది ఫలితం.

ఒకే ఒక్క సూచిక పెట్టుకోవడానికి అవకాశముంటే ఏది పెట్టుకోవాలని నన్నడిగితే, జ్వరం మొదలైన 24 గంటల్లో ఎంత శాతం మందికి పరీక్ష జరిగింది అనేది చెప్తాను. ఈ ఒక్కదానిలో చాలా సంగతులు బయటపడతాయి. మనిషికి మీ మీద నమ్మకం ఉందా, ఆశా దగ్గర కిట్లు ఉన్నాయా, బస్తీ దవాఖానా తెరిచే వేళలు కూలీకి కుదురుతున్నాయా, పరీక్షకెళ్తే సగం రోజు కూలి పోతుందా. పగలు పదకొండింటికి క్యాంపు పెడితే వచ్చేది ఇంట్లో ఉన్న ఆడవాళ్లూ అప్పటికే మంచమెక్కినవాళ్లూ మాత్రమే. రాత్రి ఏడు తర్వాత పెడితే మిగతావాళ్లు వస్తారు. సర్వేలు కూడా ఆ వేళల్లోనే చేయాలి, లేకపోతే క్యాంపులో సగం మంది మీ లెక్కల్లో కనపడరు. ఒడియా, హిందీ వచ్చినవాళ్లను పెట్టుకోండి.

మందుల కోర్సు పూర్తయిందా అనేది కూడా మీ బాధ్యతే. వైవాక్స్‌కు క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు. మూడో రోజుకల్లా జ్వరం తగ్గి మనిషి పనికెళ్తాడు, మిగతా పదకొండు రోజుల మాత్రలు సంచిలో ఉండిపోతాయి, నాలుగు నెలల తర్వాత మళ్లీ వణుకు. మధ్యలో ఒకసారి, పద్నాలుగో రోజున ఒకసారి వెళ్లి ఖాళీ స్ట్రిప్పు చూసి రాయాలి. మూత్రం నల్లగా, కోకాకోలా రంగులో వస్తే మందు ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికెళ్లాలని మొదటి రోజే చెప్పాలి, జీ6పీడీ లోపం (రక్తకణాల్లో ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్నవాళ్లకు ప్రైమాక్విన్ ప్రమాదం. గర్భిణులకు అది ఇవ్వరు. ఇంకో చిన్న విషయం, ఫాల్సిపారం తగ్గిపోయాక కూడా ర్యాపిడ్ కిట్టు కొన్ని వారాలపాటు పాజిటివ్ చూపించొచ్చు. కాబట్టి కోర్సు అయ్యాక తగ్గిందో లేదో చూడ్డానికి కిట్టు వాడి, దాన్ని కొత్త కేసుగా రాయకండి, రక్తపూత స్లైడు చూడాలి.

"మీ వల్లే తగ్గిందా?" అనే ప్రశ్నకు సమాధానం పోలికలోనే ఉంది. మొదట, నెలను అదే నెలతో పోల్చండి, పోయిన ఆగస్టుతో ఈ ఆగస్టు. వానలు ముదిరే నెలల్ని మార్చితో పోలిస్తే ఎవరైనా గెలుస్తారు. వాతావరణ శాఖ వర్షపాతం పక్కన పెట్టండి, వానలు తక్కువ పడిన ఏడాది కేసులు ఎలాగూ తగ్గొచ్చు. రెండోది, దేశం మొత్తంలోనే తగ్గుతోంది. కేంద్ర ఆరోగ్య శాఖ లెక్కల్లో 2015లో 11 లక్షల 69 వేల పైచిలుకు ఉన్న కేసులు 2023 నాటికి 2 లక్షల 27 వేలకు వచ్చాయి. మీ దగ్గరా అదే వేగంతో తగ్గితే మీ వాటా ఎంత? అది తెలియాలంటే మీరు పనిచేయని చోట్ల ఏమైందో కూడా తెలియాలి. నేను చెప్పే దారి ఏంటంటే, పన్నెండు కొత్త క్యాంపుల్లో పని మొదలుపెట్టే స్తోమత ఉంటే ఒకేసారి అన్నింట్లో మొదలుపెట్టకండి. చీటీలు వేసి ఆరింట్లో ఈ సీజన్‌కు ముందు, మిగతా ఆరింట్లో తర్వాత మొదలుపెట్టండి. పరీక్షా మందులూ మాత్రం అన్నిచోట్లా మొదటినుంచీ ఉండాలి, జబ్బు మనిషిని పోలిక కోసం వదిలేయడం తప్పు. తెరలూ, నీటి నిల్వల పనీ, మీటింగులూ దశలవారీగా. ఎలాగూ అన్నీ ఒకేసారి చేసే సిబ్బంది మీ దగ్గర ఉండరు, ఆ ఆలస్యాన్నే పోలికగా వాడుకోవడం ఇది.

సర్వే అంటే వేల ఇళ్లు తిరగాలని టెన్షన్ పడకండి. ఒక్కో సూపర్‌వైజర్ ఏరియాకు 19 ఇళ్లు చాలు, కొద్ది ఇళ్లు చూసే ఏరియా లక్ష్యం అందుకుందో లేదో తేల్చే ఎల్‌క్యూఏఎస్ అనే పద్ధతి ఇది. మీ లక్ష్యం 80 శాతం అనుకుంటే, కొద్ది ఇళ్లే చూస్తాం కాబట్టి కాస్త వెసులుబాటు ఇచ్చి, 19లో కనీసం 13 ఇళ్లు సరిగా ఉండాలి, అంతకన్నా తక్కువైతే ఆ ఏరియాకు ఈ నెల ఎక్కువ సాయం పంపాలి. కచ్చితమైన శాతం రాదు, ఎక్కడ వెనకబడ్డామో త్వరగా తెలుస్తుంది, నెలవారీ పనికి అది చాలు. షరతు ఒక్కటే, ఇళ్లు లాటరీలో తీయాలి, రోడ్డు పక్కన సులువుగా దొరికినవి కాదు. తెరలు పంచినవాళ్లతోనే సర్వే చేయించకండి. చేసిన ఇళ్లలో కొన్నింటికి వేరే మనిషి మళ్లీ వెళ్లి అవే రెండు మూడు ప్రశ్నలు అడిగి సరిచూడాలి.

జాగ్రత్తగా ఉండాల్సింది ఇంకొకటుంది. పాజిటివ్ వచ్చినవాళ్ల పేర్లు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, కాంట్రాక్టర్‌కు చెప్పకండి. జ్వరమొచ్చినవాణ్ని క్యాంపునుంచి పంపించేస్తారనే భయం ఒకసారి పుడితే ఆ తర్వాత ఎవరూ వేలు చాపరు, మీ పాజిటివిటీ అందంగా తగ్గుతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. జిల్లా మలేరియా ఆఫీసుకు మాత్రం ప్రతి కేసూ చెప్పాలి.

తగ్గాక పరీక్షలు తగ్గించొద్దు అని కూడా మీ వాళ్లకు చెప్పండి. 1953లో జాతీయ కార్యక్రమం మొదలయ్యేటప్పటికి దేశంలో ఏడాదికి ఏడున్నర కోట్ల కేసులు, 8 లక్షల మరణాలు అని అంచనా. 1965 నాటికి లక్ష కేసులకు దిగాయి. నిఘా సడలింది, పురుగుమందులకు దోమలు తట్టుకోవడం నేర్చాయి, 1976లో 64 లక్షలు. 2027కల్లా దేశంలో స్థానికంగా సోకే కేసులు సున్నా చేయాలన్న లక్ష్యం పెట్టుకున్న ఈ సమయంలో అది మళ్లీ జరగడానికి వీల్లేదు. కేసులు లేని నెలలో కూడా "ఇన్ని పరీక్షలు చేశాం, సున్నా" అని రాయాలి. పరీక్షలే లేని సున్నా, రెండొందల పరీక్షల తర్వాత వచ్చిన సున్నా ఒకటి కాదు.

మీ పాత రెండేళ్ల డేటాలో మొదట్లో తీసిన లెక్క లేదన్నారు. చుట్టుపక్కల బస్తీ దవాఖానాల, పీహెచ్‌సీల రిజిస్టర్లు అనుమతి తీసుకుని చూస్తే నెలవారీ పరీక్షలూ పాజిటివ్‌లూ కొంతవరకు దొరుకుతాయి, అవి పెట్టి, ఎక్కడినుంచి తీసుకున్నారో రాయండి. "సగం తగ్గింది" అనే వాక్యం ఈసారికి తీసేసి, పరీక్షల సంఖ్యతో కలిపి ఉన్నదున్నట్టు చూపించండి. జూన్‌లో వానలు పడేలోపు ప్రతి క్యాంపులో 19 గదులు, అందుబాటులో ఉన్న నీటి నిల్వలన్నీ ఒకసారి చూసి రాసుకుంటే వచ్చే ఏడాదికి మీకు సొంత ఆధారం ఉంటుంది. ఫారం తయారుచేసేటప్పుడు ఒక పేజీ దాటనివ్వకండి, రాత్రి తొమ్మిదింటికి అలసిపోయిన మనిషి ముందు కూర్చుని నింపాల్సింది అది.